పదకొండో ప్రశ్న

మే నెల. హన్మకొండ. స్పాట్ వాల్యుయేషన్.
కూలర్లో నీళ్లయిపోయి ఉత్త వడగాలి తిరుగుతోంది.
నా బల్ల మీద నలభై పేపర్లు,
పేరుండాల్సిన చోట కత్తిరించిన అంచు.
దూరవిద్య బీఏ, రాజనీతి శాస్త్రం. పదకొండో ప్రశ్న:
'అమెరికా రాష్ట్రాల ప్రభుత్వ నిర్మాణమును,
అధికార పంపిణీని వివరింపుము.'
పది మార్కులు.

అందరూ ఒకే గైడు చదివినట్టున్నారు.
ముప్పై మూడు పేపర్లదాకా
అదే గవర్నరు, అవే రెండు సభలు,
ఒక్క సభతోనే నెట్టుకొచ్చే ఆ నెబ్రాస్కా మాత్రం
ఒక్కో చేతిలో ఒక్కో తీరు వంకరపోయింది.
ఎర్రపెన్ను పట్టిన వేలికి కాయ కాసింది.

ముప్పై నాలుగోది
నీలి సిరా, గుండ్రటి అక్షరాలు,
గీత మీద నిలబడక కొంచెం పైపైన నడుస్తున్నాయి.

"అక్కడి గవర్నరును పైనుంచి ఎవలూ పంపరు.
ఆ రాష్ట్రపోళ్లే ఓట్లేసి గెలిపిచ్చుకుంటరు.
శాన రాష్ట్రాలల్ల సర్కారు వకీలును గూడ ఓట్లతోనే.
కొన్నిట్ల ఉప గవర్నరుకు వేరే ఓటు,
అందుకని ఈయనదొక పార్టీ, ఆయనదొక పార్టీ కావచ్చు.
ఇది నాకు జెల్ది అర్థమైంది సార్.
మా ఊరి సర్పంచు కొంరెల్లి, ఉప సర్పంచు బుచ్చిమల్లు.
చెక్కు మీద ఇద్దరి సంతకాలు పడాలె.
గణపతి లడ్డు వేలంకాడ పుట్టిన పంచాయితి,
ఇప్పటికీ మాటల్లేవు.
నేను ఆరో వార్డు మెంబర్ను.
మా గల్లీ చివరి స్తంభానికి లైటు పోయి పది నెలలు.
ఒక్కని చేతుల పెడితె తింటడని
ఇద్దరి చేతుల పెట్టిండ్రు. మంచిదే.
గని లైటు"

ఇక్కడ వాక్యం ఆగింది. ఒక గీత కొట్టి,
గైడు గుర్తొచ్చినట్టు మళ్లీ మొదలు:

"సభలు చేసిన చట్టాన్ని గవర్నరు వద్దనొచ్చు.
శాన చోట్ల బడ్జెట్ల ఒక్క పద్దునే గీకెయ్యొచ్చు.
మామూలుగ మూడింట రెండొంతుల మంది కూడితే
వద్దన్నది మళ్ల లేచి నిలబడ్తది.
మేం పన్నెండుమందిమి. నేను ఎనిమిదిమందిని కూడగట్టిన.
అండ్ల ఐదుగురు ఆడోళ్లు,
అంటే ఐదుగురు మొగోళ్లను బతిమిలాడిన.
తీర్మానానికి సంతకాలు పడ్డయి.
చెక్కుకు పడలె."

రూలు నాకు తెలుసు.
జవాబులో తన ఆనవాలు బయటపెట్టిన పేపరు
పక్కన పెట్టాలి, పైకి రాయాలి.
ఊరి పేరైతే లేదు.
కానీ కొంరెల్లి ఉన్నాడు, బుచ్చిమల్లు ఉన్నాడు,
వెలగని స్తంభం ఒకటి నిలువునా ఉంది.
వెనక చీఫ్ రియాజుద్దీన్ సారు చెప్పుల చప్పుడు.
పేజీ తిప్పాను.

"పదో సవరణ: కేంద్రానికి ఇయ్యనియి,
రాష్ట్రాలకు వద్దననియి,
రాష్ట్రాలకే మిగుల్తయి, లేదా ప్రజలకు.
మన దగ్గర మిగిలినయి ఢిల్లీకి పోతయి.
అక్కడ 'లేదా ప్రజలకు' అంటె
ఎవలింటికి తెచ్చి ఇస్తరో గైడుల రాయలె."

ఇరవై ఆరేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
'రాష్ట్రాలకే' దగ్గర చాక్‌పీసు కింద పెట్టేవాణ్ని.
గంట కొట్టేది.
ఆ తర్వాత ఇంకో రెండు మాటలున్నాయని
ఏ బ్యాచీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎనిమిది వేశాను.
కీలో ఈ జవాబు లేదు కాబట్టి
నా అంకె ఒక్కటే చాలదు,
పక్కన చీఫ్ సంతకం కూడా పడాలి.
సారు నిలబడే చదివారు. అద్దాలు తీసి తుడుచుకున్నారు.
మళ్లీ మొదటి పేజీకి వెళ్లారు.
పెన్ను మూత తీసి, చాలాసేపు రాయకుండా పట్టుకుని
"ఇంతకూ ఆ లైటు పడ్డదా?" అన్నారు.

"రాయలేదు సార్."

ఇంకా ఆరు పేపర్లున్నాయి.