మిస్టర్

మా పందెం కార్డు మీద
పేరు ముందు మిస్టర్ అని ఉంటే అది మర్యాద కాదు.
స్వారీకి ఈ మనిషికి డబ్బు ముట్టదని అర్థం.
మిగతా పదహారు పేర్లూ ఉత్త పేర్లు,
కూలి దొరికే పేర్లు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ గదిలో
జీనులు తుడుస్తాను, బూట్లు లాగుతాను,
సీసపు పలకలు లెక్కపెట్టి జీను గుడ్డ జేబుల్లో దోపుతాను.
నా పేరు ఏ కార్డు మీదా రాదు,
ముందు ఏమీ లేకుండా కూడా.

ఆ శనివారం మిస్టర్ లోర్కన్ టూహీ
పదిన్నరకే వచ్చి మూల బల్ల మీద కూచున్నాడు.
వేళ్లకు అయోడిన్ గోధుమరంగు, గోళ్ల లోపలి దాకా.
నాలుగింటికే లేచి తొంభై ఆవుల పాలు పిండి,
పొదుగులకు మందు రాసి,
గుర్రం పెట్టెను కారుకి తగిలించుకుని
వానలో రెండు జిల్లాలు దాటాడు.
సాయంత్రం పాలకి ఎవరున్నారని అడిగాను.
"డెంప్సీ వాళ్ల పిల్లాడు.
వాడికి ముప్పై నాలుగో నంబరు ఆవంటే భయం."
పందెం ఊసే లేదు. ఆవు దిగులే.

కుర్రాళ్లు నవ్వారు, చెడ్డగా కాదు.
రోనన్ గిల్‌ఫోయిల్ నవ్వలేదు.
అతనికి అది ఆ రోజు నాలుగో గుర్రం,
ఆ వారం ఇరవై మూడోది.
భుజం ఎముక రెండు చోట్ల అతుకు,
పొద్దుటినుంచి కడుపులో చక్కెర లేని అరకప్పు టీ.
"నీ ఆడగుర్రం ఎడమకి వాలుతుందా?"
"అలిసిపోతే," అన్నాడు టూహీ.
దాచుకోవలసిన మాటని
ఎవరూ అతనికి నేర్పలేదు.

చిన్న పందేల్లో ఇలాంటివాళ్లకి ఏడు పౌండ్లు తగ్గిస్తారు.
ఇది పెద్ద పందెం, తగ్గింపు లేదు.
ఆ ఏడు పౌండ్ల సీసమూ
నేనే, ఈ చేతులతోనే.

పందెం నేను చూడను.
గదిలో టీవీ ఉంది, దానికి వీపు పెట్టి కూచుంటాను.
తర్వాత లాగులు చదువుతాను.

పడినవాడి లాగు వెనక పచ్చిక రంగు.
వెనకబడినవాడికి
ముందు గిట్టలన్నీ కలిసి ఒళ్లంతా రాస్తాయి.
ముందున్నవాడికి మాత్రం
వాన తప్ప ఇంకేమీ అంటదు.

గిల్‌ఫోయిల్ నిలువునా నల్లగా వచ్చాడు.
ఒకదాని మీద ఒకటి పెట్టుకెళ్లిన మూడు జతల కళ్లద్దాలూ
మెడలో వేలాడుతున్నాయి.
గెలిచాడు. మెడ తేడాతో.

టూహీ లాగు విప్పి నా చేతికిచ్చాడు.
తెలుపు.
పొద్దున నేను మడత విప్పి ఇచ్చిన తెలుపే, తడిసింది.
కుడి తొడ మీద ఒక్క విసురు మట్టి,
అరచేయంత, ఇంకా ఆరలేదు.
ఇరవై కంచెలు దాటేదాకా
అతని ముందు ఆకాశం తప్ప ఎవరూ లేరన్నమాట.
ఆ తర్వాత కుడిపక్కన సందు పడింది.

"ఎడమకి వాలింది," అన్నాడు టూహీ.
"చెప్పావుగా," అన్నాడు గిల్‌ఫోయిల్, బూటు లేసు వంక చూస్తూ.
"అడిగావుగా."
అంతే. ఐదో గుర్రానికి వేళయింది,
అతను కొత్త రంగుల చొక్కాలోకి తల దూర్చాడు.
ఆ చొక్కాలో అవసరానికి మించి
కాసేపు ఉండిపోయాడు.

వెళ్లేముందు టూహీ నా కూలి లెక్కపెట్టి ఇచ్చాడు.
పైన ఒక నిమ్మసోడా సీసా:
నిన్న ఈనిన ఆవు జున్నుపాలు,
పసుపు తిరిగి, చిక్కగా.
నా చిన్నప్పుడు మా ఊళ్లో
ఆ సీసా కడిగి తిరిగి ఇచ్చేవాళ్లు కాదు,
దూడకి అరిష్టమని.
అది అతనికీ తెలిసినట్టుంది,
సీసా సంగతి ఎత్తలేదు.

గుమ్మంలో ఆగి ఫోను చేశాడు.
అవతల పిల్లాడి గొంతు నాకూ వినపడింది.
ఎనభై తొమ్మిది అయ్యాయట.
దాని దగ్గరికి మాత్రం ఇంకా పోలేదట.

"ఉంచు," అన్నాడు, "వస్తున్నా."