పద్నాలుగో పేరు

యోసు రేవులో నాలుగు కొట్టకముందే
మందిరం తాళం తీసేది నేనే.
కిరసనాయిలు పొయ్యి వెలిగించి, మెత్తలు పరిచి,
నా పనైపోయిందని వెనక బల్ల మీద కూర్చుంటాను.
ప్రార్థన నా ఉద్యోగం కాదు.

నాలుగున్నరకి ఒక్‌బున్ వస్తుంది.
రబ్బరు బూట్లు గడప బయట విడుస్తుంది.
ముప్పయ్యేళ్లుగా ఆల్చిప్పలు ఒలిచిన చేతులు,
వేలువేలికీ కత్తి పెట్టిన గాట్లు.
చలికి అవి విచ్చుకుంటే
ఇంత మైనం రాసుకుని మోకరిస్తుంది.
ఎడమవైపు మూడో మెత్త. అది ఇంకెవరూ తీసుకోరు.

పాస్టరుగారు "ప్రభువా" అని మూడుసార్లు పిలవమంటారు.
అందరూ ఒక్కసారే అరుస్తారు.
కిటికీ అద్దాలు అదురుతాయి.
బయట మంచు పట్టిన పడవలు
తాళ్లు కొరుక్కుంటూ వింటాయి.
కొత్తలో నవ్వుకునేవాణ్ణి:
ఇదేం యుద్ధం,
కత్తి లేదు, డాలు లేదు,
శత్రువు ముఖమైనా కనిపించదు,
ముసలమ్మలు మోకాళ్ల మీద ఊగుతుంటారు, అంతే.

పోనుపోను చూశాను.
జనవరిలో ఆమెకి చెమటలు పట్టేవి.
ఎవరి చెయ్యో పట్టుకుని
ఇంకెవరి గుప్పిట్లోంచో లాగుతున్నట్టు
భుజాలు బిగుసుకునేవి.
"వదులు, వాణ్ణి వదులు" అనేది
నాకు కనిపించని ఎవరితోనో,
చేపల సంతలో బేరమాడే గొంతుతోనే.
తాగుడులో మునిగిన కుర్రాడు,
నెలలు నిండని పసిగుడ్డు,
ఉత్తరాన సరిహద్దు అవతల
బతికుందో లేదో తెలియని చెల్లెలు,
ఒక్కొక్కళ్లనీ ఒడ్డుకి లాక్కొచ్చేది.
ఒకచోట మాత్రం గొంతు దించేది. పెదవులు కదిలేవి, అంతే.
కొందరు వచ్చారు. కొందరు రాలేదు.
రానివాళ్ల పేర్లు ఆమె కొట్టెయ్యలేదు.

ఫిబ్రవరిలో నడుము పడిపోయింది.
నన్ను పిలిచి పేర్ల పుస్తకం చేతిలో పెట్టింది.
"నేను లేచేదాకా నువ్వు నిలబడు.
కాపలా లేని గోడ రాత్రికి రాత్రే కూలుతుంది."
"నాకు మాటలు రావమ్మా."
"పేర్లు చదవడం వచ్చుగా."

మర్నాడు మూడో మెత్త మీద మోకరించాను.
దాని మధ్యలో రెండు గుంటలు.
నా మోకాళ్లకి అవి సరిపోలేదు.
ఒకటి, రెండు, ఏడు, పదకొండు...
పద్నాలుగో పేరు దగ్గర నాలుక ఎండిపోయింది.

మన్‌దొక్. మా అన్న.
తుఫాను హెచ్చరిక వినీ
చేపల ధర బాగుందని పడవ పంపినవాడు.
ఆ పడవలోనే ఒక్‌బున్ మొగుడు.
అన్నతో మాట్లాడి పంతొమ్మిదేళ్లు.
న్యాయం నావైపే ఉందని ఊరంతా అంది.

పేరు పక్కన పెన్సిలు గీతలు, రోజుకొకటి,
పేజీ నిండి, అంచులెక్కి, అట్ట మీదికి పాకి.
మొదటి గీతలు కాగితాన్ని చించాయి.
ఎప్పుడు మొదలైందో మరి,
గీత మెత్తబడింది.

ఆ రాత్రి రేవులో తాడు విప్పింది నేను.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు.
పదిహేనో పేరు చూశాను. నాది.
దాని పక్కనా అన్నే గీతలు.

పళ్లు బిగించిన ఆల్చిప్పకి
కత్తిమొన దూరే చోటొకటి ఉంటుంది.
బలంతో దొరకదది.
"మన్‌దొక్" అన్నాను. పైకి రాలేదు.
మళ్లీ అన్నాను.
పక్క మెత్త మీది ముసలమ్మ
కళ్లు తెరవకుండానే, అలవాటుకొద్దీ,
నా మోచేతి కింద చెయ్యి పెట్టింది.

పొయ్యిలో కిరసనాయిలు అయిపోవచ్చింది.
నేను లేవలేదు.