రెండూ పది

గ్దీనియా ఓడల యార్డులో పంతొమ్మిదేళ్లు
ఇనుముకీ ఇనుముకీ కుట్లు వేశాను.
ముసుగులో నల్లద్దం దించకుండా ఆర్కు వైపు చూడకూడదని
మొదటి వారమే తెలిసొచ్చింది:
కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట,
రాత్రంతా రెప్పల మీద పచ్చి బంగాళాదుంప ముక్కలు.

అందుకే దుకాణంలో కుర్రాడు ఫిల్టరంటే ఏమిటో
నాకు వివరిస్తుంటే నవ్వొచ్చింది.
నెల రోజుల ఓవర్‌టైము పోస్తే
పెద్ద నాణెమంత గాజు బిళ్ల.
వీధి దీపాల్నీ, రేవు ఫ్లడ్‌లైట్లనీ, చివరికి చంద్రుణ్ణీ
గుమ్మంలోనే నిలబెట్టి
ఒక్క ఎరుపును మాత్రం లోపలికి పంపుతుంది.
హైడ్రోజన్ ఎరుపు.
కుర్ర నక్షత్రాల వేడికి ఊడిపోయిన ఎలక్ట్రాన్
మళ్లీ ఎవరికో దొరికి
మెట్లు దిగుతూ దిగుతూ
ఒకానొక మెట్టు మీద వదిలే నిట్టూర్పు.

దక్షిణం బాల్కనీ, నాలుగో అంతస్తు, మైనస్ ఆరు.
స్టాండు మూడు కాళ్ల కింద మూడు రబ్బరు చెప్పు ముక్కలు,
ట్రాలీబస్సు పోతే మేడ అదురుతుంది గనక.
అరచేతిలో పట్టే గొట్టం.
దాని మెడకి మంచు పట్టకుండా
నేనే కుట్టిన వేడి పట్టీ.
ధ్రువ నక్షత్రం మా కప్పుకి అవతల.
గుడ్డివాడు గోడ తడిమినట్టు
వేరే చుక్కల జరుగుబాటు చూసి సరిచేసుకోవాలి.

ఆర్ద్రకి కాస్త ఎడమగా, కొంచెం కిందికి.
కంటికి అక్కడ ఏమీ లేదు.
ఐదు నిమిషాలు తెరిచి ఉంచితే
గులాబీ అంటారు.
నాకైతే నడిమి బెజ్జం అరిగిపోయిన గాస్కెట్టు.

డిసెంబరు మొత్తానికి మబ్బు లేని రాత్రులు నాలుగు.

రాత్రి రెండూ పదికి, అనుకున్నట్టే,
ఎదురు రెక్క మూడో అంతస్తు వంటింట్లో
పాతకాలపు పసుపు బల్బు.
పాన్ ఎవుస్తాహి గుండె మాత్ర వేసుకునే వేళ.
ముప్పై ఏళ్లు ట్రాలీబస్సు నడిపిన మనిషి.
నక్షత్రాన్ని వదలకుండా వెంబడించే నా చిన్న కెమెరాకి
కళ్లు బైర్లు కమ్ముతాయి.
నోటుపుస్తకంలో రాసుకుంటాను:
మొదటి రాత్రి, ముప్పై ఒకటి పాడు. వంటిల్లు.
రెండో రాత్రి, ముప్పై మూడు పాడు. వంటిల్లు.
మూడో రాత్రి, మళ్లీ ముప్పై మూడు. ఒక బూతు. వంటిల్లు.

నాలుగో రాత్రి
రెండూ పది అయింది. పదిహేను అయింది.
ఫ్రేము కడిగిన పళ్లెంలా వచ్చింది.
ఈ చలికాలంలో ఇంత మంచిది రాలేదు.
దాన్నే చూస్తూ ఉన్నాను,
కడుపులో ఏదో జారేదాకా.

నైటీ మీద వెల్డింగు కోటు, కాళ్లకి మేజోళ్లు,
పెరటి మంచులోంచి అవతలి మెట్లు.
తలుపు కొట్టాను. మళ్లీ కొట్టాను.
లోపల కుర్చీ జరిగిన చప్పుడు,
ఒక దగ్గు.

"బల్బు సాయంత్రం మాడిపోయింది," అన్నాడు.
"చీకట్లో మాత్ర మింగలేననుకున్నావా?
నీకెవరు చెప్పారు?"

మా నడవ బల్బు విప్పి తెచ్చి
ఆయన కుర్చీ ఎక్కి బిగించాను.
కిందినుంచి నా చీలమండ పట్టుకున్నాడు, నేను పడతానని.
ఫోనులో ఆ ఫ్రేము చూపించాను.
ముక్కుకి ఆనించుకుని చూశాడు.
"పాలు పొంగిన మరక."
"ఐదు వేల ఏళ్ల కిందటిది."
"మరి తుడవలేదేం ఎవరూ?"

తీగల మీద మంచు పేరుకున్న పొద్దుల్లో
బస్సు నెత్తిన నీలి నిప్పులు రాలేవని చెప్పాడు.
పెద్దవాళ్లు తిట్టేవారట.
వెనక సీట్లో పిల్లలు ఇంకోసారి, ఇంకోసారి అనేవారట.
టీ పెట్టాడు. నిమ్మకాయ లేదు.

ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు
ఒక్కసారి మాత్రమే కనబడిన దాన్ని
కంప్యూటరు నమ్మదు.
విమానం గీత, ఉపగ్రహం గీత, అన్నీ ఎత్తి అవతల పారేస్తుంది.
బొమ్మ బాగానే వచ్చింది.
యార్డులో క్యాంటీను గోడకి అంటించారు,
ఎవరో దాని కింద గాస్కెట్టు సైజు రాశారు.

నోటుపుస్తకంలో చివరి పేజీ:
నాలుగో రాత్రి. ముప్పై మూడు బాగుంది.
ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు పాడు.
వంటిల్లు.
బల్బు మాది.