అర కిలోమీటరు

ఆయిలు మూత తిప్పి చూపించాను.
అడుగున మీగడ.
నిజంగా మీగడే అనుకున్నారు కూర్మారావు గారు,
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగారు.

"నూనిలో నీళ్ళు కలిసీసినాయి బాబూ.
మీరు పోసినవి కావు, నాను పోసినవీ కావు.
సలికి పుట్టినవి."

ఇల్లు కాశీబుగ్గలో, బ్యాంకూ కాశీబుగ్గలోనే.
మధ్యన అర కిలోమీటరు, రెండు స్పీడు బ్రేకర్లు,
ఒక జీడి కార్ఖానా పొగ.
మూడేళ్ళుగా ఈ బూడిదరంగు మారుతి చూసిన లోకం అంతే.
పెట్రోలు తాగేస్తోంది, వణుకుతోంది, లాగట్లేదు:
లోను కాగితం మీద రాసినట్టు
ఒకటి, రెండు, మూడు అంటూ ఫిర్యాదు.

మార్గశిరం. మహేంద్రగిరి మీది మంచు దిగొచ్చి
తారు రోడ్డు మీద పడుకునే పొద్దుల్లో
ఆయిలు పేరిన నెయ్యిలా అడుగునే కూర్చుంటుంది,
పైకి రమ్మంటే రాదు.
పెట్రోలు ఆవిరవ్వక తడితడిగానే లోపలికెళ్ళి
సగం కాలుతుంది, సగం గోడలు కడుగుతుంది,
ప్లగ్గు మూతికి మసి.
చోక్ లాగితే దగ్గు, తోసేస్తే మౌనం.
గేరు మొండికేస్తుంది.
అప్పుడు దాన్ని తిట్టకూడదు, తొక్కకూడదు.
సూది కదిలేదాకా దాని నడకన దాన్ని పోనివ్వాలి.

"మీరేటి సేస్తన్నారు? అది కళ్ళు తెరిసే యేళకి
బ్యాంకు కాడ ఆపీసి తాళం తీసీస్తన్నారు.
మూడేళ్ళల్ల ఒక్కపాలి కూడా దానికి ఒళ్ళు కాగనేదు."

ఆయనేమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనరు.
సంతకం పెట్టేటప్పుడు పెన్ను చేసే గీకుడే
మేనేజరు గారి గొంతని బ్యాంకులో నవ్వుకుంటారు.

కొత్త ఆయిలు పోసి, రండి అన్నాను.
హైవే ఎక్కాం, సోంపేట వైపు.

హరిపురం దాకా బండి గునుస్తూనే ఉంది.
సైలెన్సరులోంచి నీళ్ళు కారుతున్నాయని
పక్కకొచ్చి ఆటోవాడు అరిచాడు.
కారనీ. మూడేళ్ళ నీళ్ళు.
ఆ తర్వాత ఎక్కడో, ఏ మైలురాయి దగ్గరో చెప్పలేను,
చప్పుడు మారింది,
నించుని అరుస్తున్న మనిషి
కూర్చుని మాట్లాడ్డం మొదలెట్టినట్టు.
సూది మధ్యకొచ్చి నిలబడింది.
కాలి కింద ఆక్సిలేటరు తేలికైంది.

అప్పుడు, అద్దంలోంచి బయటికి చూస్తూనే,
"నాకు జీడిపప్పు పడదు నీలాచలం" అన్నారు.

బ్రేకు మీద కాలు పడబోయింది.
మూడేళ్ళు! పలాసలో!
పండగకో కార్ఖానా చొప్పున ఇచ్చిన డబ్బాలు?

"మంచం కింద ఉన్నాయి. వద్దంటే బాధపడతారని."

నవ్వాను. ఆయనా నవ్వారు,
ముందు ఆగి ఆగి, చోక్ లాగిన నవ్వు.
కంచిలి వచ్చేసరికి ఆపినా ఆగలేదు.
ఆమదాలవలసలో చెరకు బళ్ళ వెనక పరిగెత్తి
గెడ లాక్కున్న సంగతి,
నాగావళిలో రెండుసార్లు మునిగీ
ఈత వచ్చని ఊరంతా చెప్పుకున్న సంగతి.
ఇచ్ఛాపురంలో బాహుదా వంతెన దగ్గర వెనక్కి తిప్పాను,
మాట మధ్యలో.

ఇంటి ముందు దిగి బానెట్ మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు తియ్యలేదాయన.
నేను మూత తీసి చూశాను.
తేనె రంగు.

మర్నాడు ఆయన బ్యాంకుకి నడిచెళ్ళడం
షెడ్డులోంచి చూశాను, మంచులో,
చెవులకి తువ్వాలు చుట్టుకుని.
కారు గేటు లోపలే ఉంది.

ఆదివారం తెల్లారకుండా షెడ్డు ముందు హారను.
చోక్ సగానికి లాగి ఉంది, సరిగ్గా సగానికి.
వెనక సీట్లో టాపు దాకా డబ్బాలు.
"వీటిని ఎవరికైనా... దూరంగా..." అన్నారు.

ఎంత దూరం బాబూ?

సూది వైపు చూశారు. ఇంకా అడుగునే ఉంది.
"తెలీదు, ఎక్కు" అన్నారు.