నీళ్లొదులుకున్న పొర

మధ్యాహ్నం రెండు. అనంతపురం.
బయట నలభై మూడు డిగ్రీలు.
లోపల కొలిమిలో నూరు,
గంట తర్వాత రెండొందలు, ఆ పైన మూడొందలు.
మెల్లగా ఎక్కించాలి.
తొందరపడితే పొర బొబ్బలెక్కుతుంది.

సీసాలో ఉన్నంతసేపూ తేనెరంగు.
గాజుపలక మీద గిర్రున తిప్పి పరిచాక రంగే లేదు.
చెనిక్కాయ గింజ మీది ఎర్రపొట్టును
నిలువునా వెయ్యి పొరలు చీల్చగలిగితే
అందులో ఒకటి, ఇంత పల్చన.

వేడిలో అది చేసే పని ఒక్కటే,
ఒంట్లోని నీళ్లు వదులుకోవడం.
ఒక్కో కట్టు దగ్గర ఒక్కో నీటి అణువు.
అది పోయిన చోట గొలుసు తనలోకి తాను ముడిపడి
వలయమవుతుంది.
ఇక దేనిలోనూ కరగదు. మంటకు జడవదు.
పాలీఇమైడ్ అంటారు.
ఈ నేల మీద పుట్టినదాన్ని, నాకు వేరే అర్థం చెప్పక్కర్లేదు.

కానీ మొండిది.
మోటారు చుట్లకు కాపలా కాసే జాతి,
కరెంటును గడప తొక్కనివ్వదు.
దాని చేతే కరెంటు మోయించాలని
నాలుగేళ్లుగా నా పంతం.
వంక దాటడానికి బండలు వేసినట్టు
గొలుసు పొడుగునా నత్రజని గుంపులు కట్టాను,
ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుకుంటూ పోవడానికి.

పెన్నోబులేసు నేల తుడుస్తా తుడుస్తా ఆగినాడు.
"పోయేదేందమ్మా దాంట్లో?"
"ఖాళీ."
"ఖాళీ యాడన్నా పోతాదా?"

మీ రుద్రంపేటకు ట్యాంకరొస్తుంది కదా, అన్నాను.
బిందెల వరస.
మొదటి బిందె నిండి పక్కకు పోతే అక్కడొక సందు.
రెండోది ముందుకు జరుగుతుంది, సందు వెనక్కి.
మూడోది జరుగుతుంది, సందు ఇంకా వెనక్కి.
బిందెలు ట్యాంకరు దిక్కు,
సందు వీధి చివరి దిక్కు.
ఎవరూ మోయకుండానే నడిచిపోతుంది.
ఇటునుంచి ఆ ఖాళీ, అటునుంచి ఎలక్ట్రాను,
నడుమ పొరలో ఎదురుపడితే
వెలుగు.

కట్టె మీద గడ్డమానించి శానాసేపు నిలబడినాడు.
"కడాన నిలబడేది మా నరసక్కేనమ్మా.
ఆ సందు దినామూ మా ఇంటికే వస్తాది.
యా పొద్దూ యెలుగు మాత్రం రాల్యా."

నా థీసిస్‌లో ఆరు అధ్యాయాలు.
ఏ అధ్యాయంలోనూ దీనికి జవాబు లేదు.

పదహారు పలకలు మొద్దుల్లా ఊరుకున్నాయి.
పదిహేడోది, రాత్రి ఎనిమిదిన్నరకి,
ఐదు వోల్టుల దగ్గర ఉలిక్కిపడింది.
గోరంత ఆకుపచ్చ.
గదిలో లైట్లన్నీ ఆర్పేశాను.
పెన్నోబులేసు రెండు చేతులూ అడ్డం పెట్టినాడు,
గాలికి దీపం కొండెక్కకుండా పెడతారే, అట్లా.
అరచేతుల్లో పగుళ్లు పచ్చగా కనబడ్డాయి.
దీనికి గాలితో భయం లేదని చెప్పబోయి
ఊరుకున్నాను.

అబద్ధమయ్యేది కూడా.
పదకొండో నిమిషంలో ఒక నల్లచుక్క.
పక్కన ఇంకోటి.
రెండూ పెరిగి కలిసిపోయి, అంతా మసి.
మూత అంచు సరిగ్గా అతకలేదు.

"ఏమాయనమ్మా?"
"గాలిలో తేమ దూరింది. నీళ్లు తగిలి చచ్చిపోయింది."

ఒక్క క్షణం నన్నే చూసినాడు.
"నీళ్లు తగిలి! అనంతపురంలో!"
నవ్వు మొదలైంది. కట్టె కింద పడింది.
"నీళ్లు ల్యాక సచ్చినోటిని ఎన్నిట్నో సూసినా గానీ తల్లీ..."
కళ్లు తుడుచుకుంటూ మళ్లీ నవ్వినాడు.
నాకూ ఆగలేదు.
నాలుగేళ్ల తర్వాత ఆ గదిలో అంత గట్టిగా నవ్వడం.

అతను పోయాక నోటుబుక్కులో రాశాను:
పలక పదిహేడు. ఐదు వోల్టులు. పదకొండు నిమిషాలు.
ఖాళీ కడాకు చేరింది.
ఆ కిందొక వరసలో నరసక్క అని రాసి
కొట్టేశాను.
కొట్టివేత కింద పేరు ఇంకా చదవడానికి వస్తుంది.

రేపు మూతకు కొత్త జిగురు.
పెన్నోబులేసు లేటుగా వస్తానన్నాడు,
తెల్లారి ట్యాంకరంట.