ఊపి చూసిన సీసా

చల్లగా ఉండమని ఎవరూ దీవించరు ఇక్కడ.
సున్నాకి ముప్ఫై అయిదు మెట్లు కింద
గుర్రం మీసాల మీద మంచు పూసలు కట్టే
మంగోలియా ఉత్తరపు లోయ ఇది.
జిల్లా నుంచి వచ్చే మందుపెట్టె మీద మాత్రం
ఎర్రగా, పెద్దగా రాసి ఉంటుంది
చల్లగా ఉంచండి.

ఆ ఒక్క ముక్కే చదివాను నేను.
దాని కింద చిన్న అక్షరాలున్నాయి:
గడ్డకట్టనివ్వకండి.

నిరుడు చలికాలం
గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చిన నెలల్లో
పదకొండు మంది పుట్టారు ఈ లోయలో.
పుట్టిన రోజు దాటకముందే
పదకొండు తొడలకీ సూది వేశాను.
మందు జీను సంచిలో వేలాడుతూ వచ్చేది నా వెనక.
చిట్టాలో పదకొండు టిక్కులు.
నూటికి నూరు అని రాసి
యాంజిందులం అని సంతకం పెట్టాను.
జిల్లావాళ్ళు చప్పట్లు కొట్టి
నీలం అంచున్న పింగాణీ కప్పు ఒకటి ఇచ్చారు.

మొన్న శిక్షణకి పిలిచారు.
పాఠం చెప్పే పిల్ల, మింజిన్,
రెండు సీసాలు ఒకే పిడికిట్లో పట్టి ఊపి
కిటికీ వెలుగులో బల్ల మీద నిలబెట్టింది.
ఒకటి పల్చటి మజ్జిగలా ఉండిపోయింది.
రెండోదాంట్లో తెల్ల తరకలు
తొందరేం లేనట్టు దిగి
అడుగున కూర్చున్నాయి, పైన తేటనీళ్ళు.
"ఇది గడ్డకట్టి కరిగింది.
ఇందులో మందు లేదు, సూది నొప్పి తప్ప" అంది.

అందరూ రాసుకున్నారు.
నేను రాసుకోలేదు.
ఆ తరకలు నాకు తెలుసు.
నిరుడు వాటిని చూసి
ఇంకాస్త గట్టిగా ఊపి
సూదిలోకి లాగాను.

మా భాషలో దగ్గరి బంధువుని
కాలేయపు చుట్టం అంటారు.
మా అన్న లువ్సాంజావ్‌కి కళ్ళు పాతవెన్న రంగుకి తిరిగి
పొట్ట తోలుతిత్తిలా ఉబ్బినప్పుడు
పుట్టుకతో వచ్చింది, తల్లి నుంచి, అన్నాడు డాక్టరు.
అమ్మ అప్పటికే పోయింది, అదే జబ్బుతో.
బిడ్డ దగ్గర ఏదీ దాచుకోదు తల్లి.
దాన్ని కూడా.
నాకిచ్చిందో లేదో
పరీక్ష చేయించుకోలేదు ఇంకా.

పదకొండు గుడారాల్లో మొదటిది హందసురెన్‌ది.
పిల్లాడు గొర్రె కీలెముక చప్పరిస్తున్నాడు.
ఉప్పు టీ పోసింది. తాగలేదు.
చెప్పాను.
ఆమె పొయ్యిలో పిడక వేసింది,
అది అంటుకున్నాక ఇంకోటి వేసింది.

"మళ్ళీ వెయ్యి" అంది.
"వేస్తాను. మూడు సార్లూ."
"అయితే సరిపోయినట్టేగా?"

ఆమె రక్తం మీద జిల్లా రాసిన కాగితం
నా సంచిలోనే ఉంది.
సూది ఎన్నిసార్లయినా వెయ్యొచ్చు.
మొదటి రోజుని మాత్రం
ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యను?
అది కూడా చెప్పాను.

చాలాసేపటికి అడిగింది,
"ఆ కప్పు వెనక్కిచ్చేశావా?"

ఇవ్వలేదు. చక్కెర పోసుకున్నాను అందులో.

సిరా చెరగదు గనక
పదకొండు టిక్కుల పక్కనా సున్నాలు చుట్టాను.
నూరు కొట్టేశాను.
జిల్లాలో ఎవరి ముఖం ఎలా మారుతుందో
వచ్చే నెల తెలుస్తుంది.

ఇప్పుడు మందు జీను సంచిలో లేదు.
కోటు లోపల, చొక్కా లోపల,
కుడి పక్కటెముకల కింద గుడ్డతో కట్టుకున్నాను.
పడుకున్నా బోర్లా పడుకోను.
రాత్రి మనిషొచ్చాడు, రెండు కొండల అవతల నుంచి,
ఆడపిల్లట.
దీపం దగ్గర సీసా ఊపి
వంద దాకా లెక్కపెట్టాను,
మళ్ళీ ఊపి మళ్ళీ లెక్కపెట్టాను.
మబ్బు మబ్బులానే ఉంది.

చిట్టాలో మొదటి గడి నింపాను:
పుట్టింది, రెండూ నలభై.
రెండో గడి ఖాళీ.
గుర్రానికి కళ్ళెం ఇనుము చల్లగా తగలకుండా
నోటితో ఊది వేడి చేస్తున్నాను.