ఎడమవైపు గీత

గేటు పక్క గోడకి మార్కాపురం పలకరాయి అతికించి
ఎప్పుడో నల్లబోర్డు చేశారు.
రోజూ తొమ్మిదింటికి తడిగుడ్డతో తుడిచి
సుద్దముక్కతో నేనే రాస్తా.
హోదా అటెండరు. చేతిరాత మాత్రం
ప్రిన్సిపాలుగారి రాతకంటే బాగుంటదని
ఆయనే ఒప్పుకున్నాడు ఒకసారి, నవ్వకుండా.

ఈ వారం రాయాల్సినవి చాలా ఉన్నాయి.
బుధవారం రక్తదానం,
ఇచ్చినవాళ్లకి అరటిపండు, సర్టిఫికెట్టు.
స్కాలర్‌షిప్పు గడువు ఇరవై మూడు.
నిరుడూ ఇరవై మూడే, నిరుడూ సర్వరు పనిచెయ్యలా.
ఎన్నెస్సెస్ క్యాంపు తర్లుపాడు దగ్గర, ఏడు రోజులు,
దుప్పటి, కంచం, గ్లాసు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాల.
అధ్యాపకులకి తిరుపతిలో రెండు వారాల శిక్షణ,
రెగ్యులర్ వారికి మాత్రమే.
ఆ 'మాత్రమే' కాడ సుద్ద విరిగింది.
విరిగిందో, విరగ్గొట్టానో నాకే తెలీదు.

వెనకాల మాలకొండయ్య సారు నిలబడున్నాడు.
తెలుగు చెప్తాడు, గంటకి ఇంతని లెక్క.
ఎనిమిదేళ్లుగా పొద్దున్నే వచ్చి బోర్డు చదువుతాడు.
ఆయన వెతికేది రెన్యువల్ అనే ఒక్క మాట.
అది పైనుంచి రావాల.
"ఇంకా రాలేదా నాసరయ్యా" అని ఏనాడూ అడగడు.
"గడువులో డకారానికి పొట్ట ఎక్కువైంది చూడు" అంటాడు.

అన్నిటికీ కింద రాశా:
పై చదువులు, ఉద్యోగాలు,
ఒంగోలు నుంచి వచ్చే అధికారితో ముఖాముఖి.
గురువారం సాయంత్రం 4 గంటలకు, సెమినార్ హాలు.

సెకండియర్ సలోమి అరచేతిలో రాసుకుంటా వచ్చింది,
గురువారం దాకా రాసింది.
4 కాడ పెన్ను ఆగింది.
క్యాపు పెట్టేసి పోయింది.
ఏమన్నా అడిగినా బాగుండు.

పెద్దారవీడు బస్సు మూడూ నలభైకి.
అది పోతే, ఆటో నిండిందాకా చీకటే.
ఉపన్యాస పోటీ నాలుక్కి,
కంప్యూటరు కోర్సు నాలుక్కి,
పోలీసు పరీక్షల కోచింగు నాలుక్కి.
మంచివన్నీ బస్సు పోయినాకే మొదలవుతాయి మా కాలేజీలో.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చినవాడు.
దగ్గుకీ దగ్గుకీ మధ్యన చెప్పేవాడు:
రాయి మీద చెక్కితే శాసనంరా, దాన్ని ముట్టుకోకు.
పలక మీద రాసింది పాఠం,
దాన్ని తుడిచి దిద్దుకో, పాపం లేదు.

గురువారం పొద్దున చుట్టూ చూశా.
బొటనవేలు తడి చేసుకుని
నాలుక్కి ఎడమవైపు గీత, అడ్డగీత చెరిపా.
నిటారుగా ఒకటి మిగిలింది.
'సాయంత్రం' తీసి 'మధ్యాహ్నం' రాశా,
చోటు చాలక వత్తులు ఇరుక్కున్నాయి.

ఒంటిగంటకి హాలు నిండిపోయింది,
క్యారేజీలతోనే వచ్చి కూర్చున్నారు,
గోంగూర వాసన, మూతల చప్పుడు.
పదిన్నరకే బస్సు దిగి, నాలుగు దాకా ఏం చెయ్యాలా అని
స్టాఫ్‌రూములో పాత పేపరు తిరగేస్తున్న అధికారి
"మంచిపని చేశారు" అంటా లేచాడు.
సలోమి రెండు ప్రశ్నలడిగింది.
మూడోది మొదలుపెట్టేలోపల బెల్లు కొట్టాల్సింది నేనే.
ఐదు నిమిషాలు ఆలస్యంగా కొట్టా.

ప్రిన్సిపాలు బోర్డు కాడికి వచ్చాడు.
"నాలుగని కదా నేను సంతకం పెట్టింది? ఎవరయ్యా మార్చింది?"
మాలకొండయ్య సారు నా బొటనవేలు చూశాడు,
గోటి సందులో తెల్లగా ఉంది.
"ఒకటేనండీ. పొద్దున నేను చదివా.
రోజూ చదువుతాగా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.
పోతే పోయేది ఆయన గంటలే గదా.

శుక్రవారం బోర్డు తుడిచా.
రెన్యువల్ రాలా.
స్కాలర్‌షిప్పు గడువు పొడిగించారంట, అది రాశా.
ఆయన వచ్చాడు, కళ్లజోడు పైకి తోసుకుని
రెండు డకారాలనీ చూశాడు,
ఏమీ అనకుండా క్లాసుకి పోయాడు.